వెల్డింగ్ అద్దంలో సూర్యుడు

ఈ ఉదయం కూడా అన్న వంటింటి గడపలో నిలబడి ఎడమ కన్ను మూసుకున్నాడు. రోజూ ఉండే పరీక్షే. కుడి కంటితో చూస్తే నా నుదురు, చెవులు, గడ్డం కనిపిస్తాయట; మధ్యలో ముక్కు ఉండాల్సిన చోట నల్లటి మచ్చ. "నీ ముక్కు ఇంకా వస్తలేదే చెల్లె," అని నవ్వి టీ అడుగుతాడు. నాలుగేళ్లుగా ఇదే తంతు. నేను ఒక్కరోజూ నవ్వలేకపోయాను.

అప్పుడు సంతోష్‌నగర్‌లో ఒక బడిలో సైన్సు చెప్పేదాన్ని. సూర్యుడి మీది మచ్చల్ని ఫొటో తీసి క్లాసులో చూపించాలని పిచ్చి పట్టింది. కార్ఖానాలో వెల్డరుగా పనిచేసే అన్నను వెంటేసుకుని టెలిస్కోపు కొనడానికి వెళ్లాను. దుకాణంలోని పెద్దాయన చట్రంలో బిగించిన, ఎండను వడగట్టే వెండి పొర ఒకటి చూపించాడు. "ఆపా, సూరజ్‌ను చూడాలంటే పహ్లే గిది తీస్కో. దుర్బీన్ ముందట పెట్టాలె. ఆంఖ్ కా మామ్లా హై, కండ్లతోని ఆట గాదు." నా కంటికది లాడ్ బజార్‌లో గాజుల డబ్బాలకు అతికించే మెరుపు కాగితంలా ఉంది. అదీ, ఫోను బిగించే క్లాంపూ రెండూ కొనే తాహతు లేదు. క్లాంపు వైపు వేలు చూపించింది నేనే. "ఫికర్ చెయ్యకు," అన్నాడు అన్న. "ముప్పై ఏండ్ల సంది నిప్పును చూస్తున్న. నా అద్దం ఉంది గద!"

మర్నాడు మధ్యాహ్నం మిద్దె మీద తన హెల్మెట్ అద్దం ఊడదీసి, టెలిస్కోపుకు కన్ను ఆనించే చివర టేపుతో అతికించాడు. పచ్చటి సూర్యుడు, మీద నువ్వుగింజలంత రెండు మచ్చలు! ఫొటో కూడా వచ్చింది. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? "ఇంకొక్కసారి చూడన్నా," అన్నాను. గొట్టం పోగేసిన వేడంతా ఆ అద్దం మీదే పడుతోందని ఈ సైన్సు టీచరుకు తట్టలేదు. అన్న కుడి కన్ను ఆనించగానే అద్దం టక్‌మని పగిలింది. అన్న ముఖం పట్టుకుని కూలబడ్డాడు.

కంటి లోపలి పొర కాలిందని, చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పారు. ఎన్ని ఆస్పత్రులు తిప్పానో, ఎన్ని గుళ్లకూ దర్గాలకూ మొక్కానో! నా కన్ను తీసి పెట్టమని కాళ్లావేళ్లా పడ్డాను. కార్ఖానాలో అన్నను వెల్డింగ్ నుంచి తప్పించి గేటు దగ్గర కూర్చోబెట్టారు.

ఈరోజు మాత్రం కాసేపు తేరిపార చూసి, "ఏయ్, ఇయ్యాల నీ ముక్కు జర కనబడ్తుందే!" అన్నాడు. వేగుతున్న మిరపకాయల ఘాటుకు నేను అప్పటికే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉన్నాను. "అవునా అన్నా," అని కొంగు తీయకుండానే టీ పోశాను. కన్ను పోవడానికి రెప్పపాటు చాలింది; నా తప్పు మాఫీ చేయడానికి మాత్రం అన్న నాలుగేళ్లుగా రోజూ పొద్దున్నే వచ్చి నిలబడుతున్నాడు.