గీత వెంట పరుగెత్తిన మనిషి

కోచ్ సార్ పోయారు. మంగళవారం మీనా సల్మాన్ ఓడరేవు గోదాములో సామాన్ దించుతుంటే మా జగిత్యాల ఫోర్‌మన్ వచ్చి, "కోచ్ సార్ పోయిండు రా. గుండె ఆగిందట" అన్నాడు. చేతిలోని పెట్టె ఎక్కడ దించానో నాకిప్పటికీ గుర్తులేదు.

ఆయన అమెరికా మనిషి, మా కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. చదువుకునే రోజుల్లో కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో వైడ్ రిసీవర్. మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదది, మీలో చాలామందికి ఆ ఆట తెలియదు. మైదానం అంచున పరుగెత్తుతూ, దూరం నుంచి విసిరిన బంతిని చేతులతో అందుకుని అవతలి గీత దాటడం ఆయన పని. మొదటి ఏడాదంతా బెంచీ మీదే కూర్చోబెట్టారట. తర్వాత ఆయన లేకుండా జట్టు దిగలేదట. ఆఖరి ఏడాది ఓ మ్యాచ్‌లో బంతి చేతికి రాకముందే గీత వైపు చూశారు. బంతి జారింది, అందుకోబోయి పడితే మోకాలు పోయింది. ఆట అక్కడితో సరి. అప్పటి నుంచి కుడికాలు ఈడ్చుకుంటూనే నడిచేవారు, ఇసుకలో ఆ కాలి గీర పొడుగ్గా పడేది.

సెలవు రోజైన శుక్రవారాలు, పనివాళ్లం ఉండే క్యాంపు వెనక ఇసుక నేలలో మాకు ఆ ఆట నేర్పారు. గుద్దుకోవడాలు లేవు, నడుముకు దోపుకున్న గుడ్డను అవతలివాడు లాగేస్తే ఆగిపోవాలి. "పహలే బాల్, బాద్‌మే లైన్" అనేవారు. ముందు బంతి, తర్వాతే గీత. బంతి జారవిడిచినవాడికే తన సీసాలోని చల్లటి నీళ్లు ముందు ఇచ్చేవారు. పట్టినవాడికి చప్పట్లు ఉన్నాయి కదా అని ఆయన లెక్క.

పోయిన చలికాలం ఆ నేల పక్క క్యాంపు వాళ్లకూ కావాల్సి వచ్చింది. ఒక్క మ్యాచ్, గెలిచినవాళ్లదే శుక్రవారం అని ఒప్పందం. ఓడితే మాకు మిగిలేది డ్యూటీ, గది, మళ్లీ డ్యూటీ. ఇరువైపులా సమంగా ఉండగా ఆఖరి బంతి నా వైపే వచ్చింది. దాన్నే చూశాను, పట్టాను. పట్టగానే వెనక్కి తిరిగి మా వైపు పరుగందుకున్నాను! కబడ్డీ ఆడి పెరిగిన ఒళ్లు మరి. కూతకు పోయినవాడు మన గడ్డకు తిరిగి రావాలనే దానికి తెలుసు.

"అరే, ఎటు ఉరుకుతున్నవ్ రా! అటు, అటు!" మావాళ్లు గోల. నలుగురు మీదికొస్తున్నారు. నాకు దిక్కు తోచలేదు.

అప్పుడు కనిపించారు కోచ్ సార్. గీత బయట, ఆ కాలితోనే పరుగెత్తుతున్నారు! రెండు చేతులూ అవతలికి చాచి "యల్లా! యల్లా!" అని అరబ్బీలో పద పదమని అరుస్తున్నారు. ఆయన పరుగెత్తగలరని మాకెవరికీ తెలియదు. గిర్రున తిరిగి ఆయన వెంటపడ్డాను. ఎవరిదో చెయ్యి నా గుడ్డను తాకి జారిపోయింది. గీత ఆయనే ముందు దాటారు, తర్వాత నేను.

మోకాలు పట్టుకుని కూలబడి నవ్వుతున్నారు, కళ్లలో నీళ్లు. సీసా మాత్రం నాకివ్వలేదు. నా గుడ్డ చేజార్చుకున్న అవతలివాడికిచ్చారు. ఆ మనిషంటే నాకు ప్రాణం.

మొన్న శుక్రవారం ఆడదామనే వెళ్లాం. ఆయన సీసా నింపి గీత పక్కన పెట్టాం. మొదటి బంతి నేనే జారవిడిచాను. సీసా దగ్గరికి వెళ్లాను గానీ మూత తీయబుద్ధి కాలేదు. గీత బయట ఇసుక చదునుగా ఉంది, ఒక్క గీర కూడా లేదు.