ఆయమ్మ దాచిన స్కేళ్ళు

మా స్కూల్ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఒక మెసేజ్ వచ్చింది, మన ఆయమ్మ ఇక లేరని. దాని కింద ఒకరి తర్వాత ఒకరు దండం బొమ్మలు పెట్టుకుంటూ పోయారు. నేనూ పెట్టబోయి ఆగాను. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను అడిగింది ఒకే ఒక్క పని. అది చెయ్యకుండా ఆ బొమ్మ పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

నాచారంలో ఫ్యాక్టరీల వెనక వీధిలో ఉన్న చిన్న ప్రైవేటు స్కూలు మాది. అక్కడ నేను లెక్కల టీచర్ని. పెళ్ళై గుంటూరు వైపు నుంచి ఉప్పల్ వచ్చాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక చేరాను. ఆయమ్మ నాకంటే ముందు నుంచీ ఉంది. ఆవిడది జనగామ దగ్గర ఊరు. గదులు ఊడవడం, నీళ్ళు పట్టడం, చిన్నపిల్లల ముక్కులు తుడవడం ఆవిడ పనులు. పిల్లల్ని ఒక్క మాట అనే అధికారం ఆవిడకు లేదు. అయినా మేం గొంతు చించుకున్నా ఆగని పిల్లలు ఆవిడ వచ్చి నిలబడితే ఆగేవాళ్ళు. నిజం చెప్పాలంటే అప్పట్లో అది నాకు ఒళ్ళుమంటగా ఉండేది.

ఇద్దరు కొట్టుకుంటే వాళ్ళకు ఒకే బకెట్ ఇచ్చి, చెరో వైపు పట్టుకుని నీళ్ళు తెమ్మనేది. కొళాయి దాకా మొహాలు తిప్పుకుని వెళ్ళినవాళ్ళకు, తిరిగి వచ్చేటప్పుడు నీళ్ళు ఒలక్కుండా ఉండాలంటే మాట్లాడుకోక తప్పేది కాదు. పక్కపిల్ల పుస్తకం చింపిన పిల్లను తిట్టేది కాదు. మైదా జిగురు కలిపిచ్చి, చింపిన పేజీ అతికించడం పూర్తయ్యేదాకా పక్కనే కూర్చునేది. ఏడుస్తూ వచ్చిన పిల్లను ఎందుకని వెంటనే అడిగేది కాదు. "ముందుగాల నీళ్ళు తాగు బిడ్డా, తర్వాత జెప్పు" అనేది.

మాకు అంత ఓపిక ఎక్కడిది? పిల్లల్ని కొట్టకూడదని ఏటా కాగితం వచ్చేది. అందరం బుద్ధిగా సంతకాలు పెట్టి, స్కేలు పట్టుకుని క్లాసుకు పోయేవాళ్ళం. సిలబస్ పూర్తవ్వాలి, మార్కులు రావాలి, నలభైమంది నోళ్ళు మూతపడాలి. వీటన్నిటికీ నాకు తెలిసిన మందు ఒక్కటే, చెక్క స్కేలు.

పదేళ్ళ కిందట ఒక నెలలో నా స్కేళ్ళు మూడు మాయమయ్యాయి. సొరుగులో పెట్టి వెళ్తే మర్నాటికి ఉండేవి కావు. అనుమానం ఆరో తరగతిలో చివరి బెంచీ పిల్ల మీదికి పోయింది. ఎందుకంటే నా చేతి దెబ్బలు ఎక్కువ తిన్నది ఆ పిల్లే. అందరి ముందూ దాని బ్యాగు కింద బోర్లించాను. ఏమీ దొరకలేదు. కానీ పిల్ల నిలువునా వణుకుతోంది. తప్పు చెయ్యకపోతే ఎందుకు వణుకుతుంది అనుకున్నాను. పక్క క్లాసు నుంచి స్కేలు తెప్పించి కొట్టాను. నాలుగో దెబ్బ గురితప్పి మణికట్టు ఎముక మీద పడింది.

అప్పుడు ఆయమ్మ చీపురు గుమ్మంలోనే వదిలి లోపలికొచ్చింది. పిల్లకూ నాకూ మధ్య నిలబడి, "నేనే తీసిన మేడం, మూడూ నేనే తీసిన. పిల్లనేం అనకుండ్రి" అంది.

ఆ క్షణంలో నాకు సిగ్గు కలగలేదని ఒప్పుకోవాలి. కోపం వచ్చింది. ఒక ఆయా నలభైమంది పిల్లల ముందు నా పరువు తీసిందనిపించింది. పిల్ల చెయ్యి ఎలా ఉందో కూడా చూడకుండా నేరుగా ఆఫీసు గదికి వెళ్ళి ఆవిడ మీద చెప్పాను. మర్నాటి నుంచి ఆవిడను క్లాసుల వైపు రానివ్వకుండా ఉప్పల్ వ్యానులో పిల్లల్ని తెచ్చే పనికి వేశారు.

ఆ మర్నాడే పిల్ల తండ్రి వచ్చాడు. ఫ్యాక్టరీ డ్యూటీ దిగి అలాగే వచ్చినట్టున్నాడు. పక్కన వాచిన చేత్తో పిల్ల. గొడవ చేస్తాడేమో అనుకున్నాను. ఆయన చేతులు జోడించి, "మంచి పని జేసిన్రు మేడం. కండ్లొక్కటి ఇడిసిపెట్టి ఏడన్న కొట్టుండ్రి. సదువొస్తే సాలు" అన్నాడు. మా నాన్న కూడా నన్ను బళ్ళో వేసినప్పుడు మాస్టారితో ఇలాంటి మాటే అన్నారు. హమ్మయ్య అనుకున్నాను. ఆ పిల్ల ఒకసారి తండ్రిని, ఒకసారి నన్ను చూసి తల దించుకుంది. స్కూలంతటికీ ఆ పిల్ల వైపు నిలబడిన ఒకే ఒక్క మనిషిని నేనే అక్కడి నుంచి పంపించేశాను.

నేను రోజూ వచ్చేదీ ఉప్పల్ వ్యానులోనే. మొదటిరోజు ఆయమ్మ పక్కన సీటు తప్ప ఖాళీ లేదు. మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంటే, టిఫిన్ చేశారా అని ఆవిడే పలకరించింది. తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ సీట్లోనే ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. కిటికీ కోసం కొట్లాడుకునే పిల్లల్ని, హబ్సిగూడ దాకా ఎవరు, అక్కడి నుంచి నాచారం దాకా ఎవరు కూర్చోవాలో మీరే తేల్చుకోమనేది. తేల్చుకునేవాళ్ళు. నన్నొకసారి అడిగింది: "గా పోరికి మీరంటే భయమయ్యె. ఇగ లెక్క మీద మనసెట్ల వడ్తది మేడం?" ఆ మాట నన్ను వదల్లేదు. కోపం వస్తే ముందు నేనే నీళ్ళు తాగడం, లెక్క రానివాళ్ళ పక్కన కూర్చుని మొదటి మెట్టు కలిసి చెయ్యడం అలా మొదలుపెట్టాను. స్కేలు పట్టడం మానేశాను. సిలబస్ దానంతటది పూర్తయింది.

స్కేళ్ళు దాచే బదులు నాతోనే చెప్పి ఉండొచ్చు కదా అని ఒకరోజు అడిగాను. చెబితే మీరు వినేవాళ్ళా అని నవ్వింది. తర్వాత ఆవిడ మొహం వాడిపోయింది. "నేను దాయకపోతే గా పిల్లకు ఆ దెబ్బలు పడకపోతుండె. పాపం నాదే మేడం. మీరొక్కసారి దాన్ని పిలిచి చెప్పుండ్రి, తప్పు నీది కాదు బిడ్డా అని."

పాపం నీది కాదు ఆయమ్మా, కొట్టింది నేను అని అనాల్సింది. అనలేదు. ఆవిడ మొయ్యడానికి సిద్ధంగా ఉంటే మొయ్యనిచ్చాను. చెబుతాలే అన్నాను. పిల్లను పిలిచి క్షమాపణ చెబితే మిగతావాళ్ళ దగ్గర చులకనైపోతానని రేపు, ఎల్లుండి అనుకుంటూ గడిపాను. పిల్ల పదో తరగతి అయి వెళ్ళిపోయింది. చెప్పిన్రా అని ఆయమ్మ రెండుమూడుసార్లు అడిగి, ఆ తర్వాత అడగడం మానేసింది.

మెసేజ్ చూసి బయల్దేరాను. మల్లాపూర్ వెళ్ళే దారిలో ఆయమ్మ వాళ్ళ ఇల్లు. వాకిట్లో టెంటు కింద, వచ్చినవాళ్ళకు చాయ్ ఇస్తున్న అమ్మాయి నా దగ్గరికొచ్చి, నమస్తే మేడం అంది. గుర్తుపట్టడానికి క్షణం పట్టింది. ఆ చివరి బెంచీ పిల్లే. ఉప్పల్‌లో కళ్ళద్దాల షాపులో పనిచేస్తోందట. ఆయమ్మ మంచాన పడ్డప్పటి నుంచి రోజూ వచ్చిపోతోందని పక్కావిడ చెప్పింది.

కప్పు పక్కన పెట్టి లేచాను. అందరూ చూస్తున్నారు, చూడనీ అనుకున్నాను. "ఆ రోజు తప్పు నీది కాదమ్మా. ఆయమ్మదీ కాదు. నాది" అన్నాను. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎప్పుడో మర్చిపోయిన మేడం అంది. తల నిమురుదామని చెయ్యెత్తాను.

చటుక్కున కళ్ళు గట్టిగా మూసుకుంది. భుజాలు ముడుచుకుపోయాయి. మరుక్షణమే తేరుకుని కళ్ళు తెరిచింది. నేను ఎత్తిన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

"ఏం లేదు మేడం" అంటూ నవ్వింది. నేను చెయ్యి దించేదాకా దాన్నే చూస్తూ నిలబడింది.