నడుమ నల్లటి చుక్క

ఆఫీసులో అతన్ని పిడిగుద్దు అనేవారు. అతని ఎదుట కాదు.

తండ్రి కమ్మరి. కొలిమి దగ్గర పని తప్పితే చేతికందినదానితో కొట్టేవాడు. కొడుకు మొదట ఏడవడం మానేశాడు, తర్వాత తిరిగి కొట్టడం నేర్చుకున్నాడు. చదువు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. చెయ్యి మాత్రం మారలేదు. కంట్రోల్ రూమ్ బీరువా మీద సొట్టలన్నీ అతనివే.

ఎక్స్-రే టెలిస్కోపును మోసే ఉపగ్రహాన్ని నడపడం అతని పని. ఏళ్ళ తరబడి అతను వదలకుండా చూస్తున్నది ఒక రేడియో గెలాక్సీని. దాని కేంద్రంలో ఒక బ్లాక్ హోల్ వాయువును చీల్చి మింగుతుంది. మింగనిది రెండు వైపులా కక్కుతుంది. ఆ కక్కినది గెలాక్సీని దాటిపోయి, రేడియోలో రెండు పెద్ద మబ్బుల్లా కనిపిస్తుంది. ఎక్స్-రేలు మాత్రం ఆ చీల్చేచోటి నుంచే వస్తాయి. అతను చూసినన్నాళ్ళూ కేంద్రం మినుకుమంటూనే ఉంది. ఒక్కసారైనా అది తెగబడితే చూడాలి. అతనికున్న కోరిక అదొక్కటే.

ఒక మధ్యాహ్నం వేరే టెలిస్కోపు వాళ్ళు కబురు పెట్టారు. కేంద్రం భగ్గుమంది. అతను ఉపగ్రహాన్ని అటు తిప్పాడు. తెర మీద బొమ్మ వచ్చింది. చుట్టూ వెలుగు. సరిగ్గా నడుమ నల్లటి చుక్క.

పక్క కుర్చీలో బావ, అక్క మొగుడు. అదే ఆఫీసు, అదే షిఫ్టు.

"చచ్చిందిరా నీ గెలాక్సీ," అన్నాడు బావ. "అచ్చం నీ పోలికే. పైనంతా ఆర్భాటం, నడుమ బుర్ర ఖాళీ."

"నోర్ముయ్ బావా."

"మూయకపోతే? మీ నాన్నలా పట్టకారు తెస్తావా?"

గుద్దు ముక్కు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. బావ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. రెండోది నోటి మీద. మూడోదానికి ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తెర మీద చుక్క అంచున వెలుగు విపరీతంగా ఉంది. చచ్చిన కేంద్రం చుట్టూ అంత వెలుగుండదు.

తప్పు తనదే. మినుకుమనే రోజుల అలవాటుకొద్దీ కెమెరాను నెమ్మదిగా చదివే పద్ధతిలో ఉంచాడు. ఒకసారి చదివేలోపే ఎక్స్-రేలు గుంపులుగా ఒకేచోట పడుతున్నాయి. కెమెరా వాటిని విడదీయలేక చెత్త కింద పారేస్తోంది. అన్నిటికంటే ఎక్కువ పడుతున్నచోటే నలుపు. వేగంగా చదివే పద్ధతికి మార్చాలి, ఇప్పుడే. మంట ఎప్పుడు చల్లారుతుందో తెలియదు.

ఆ గదిలోంచి ఉపగ్రహానికి ఆదేశం ఒక్కడే పంపలేడు. ఒకరు చదవాలి, ఇంకొకరు తిరిగి చెప్పాలి. ఫోనులో రెండు గొంతులూ వింటేనే యాంటెన్నా స్టేషన్‌లోని ఆఫీసరు దాన్ని పైకి పంపుతాడు. గదిలో ఉన్నది వాళ్ళిద్దరే.

"బావా, లే. అది చావలేదు. కెమెరా తట్టుకోలేకపోతోంది."

బావ నేల మీదే కూర్చుని రక్తం ఉమ్మాడు. "ముక్కు విరగ్గొట్టి పాట పాడమంటావా?"

"నీ కాళ్ళు పట్టుకుంటా."

"నా కాళ్ళెందుకురా? నీ చేతులు నువ్వు పట్టుకుంటే చాలదూ!"

అయినా బల్ల పట్టుకుని లేచాడు. అతను చదివాడు. బావ తిరిగి చెప్పాడు, ముక్కుతో, ఆగి ఆగి.

"జలుబాండీ?" అడిగాడు ఆఫీసరు.

"ఇంట్లోవాళ్ళు అంటించింది," అన్నాడు బావ. "పంపండి."

నల్లచుక్క పోయింది. ఎక్స్-రేల లెక్క చూపే గీత నిట్టనిలువుగా లేచి తెర దాటింది. గీత తెరలో పట్టేలా కొలత మార్చాడు. మళ్ళీ దాటింది.

"బావా! చూడు, చూడు!"

బావ చొక్కా అంచుతో మూతి అదుముకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. "నువ్వే చూసుకో. మీ అక్క అడిగితే నేను అబద్ధం చెప్పను. రేపట్నుంచి ఇంకో గొంతు వెతుక్కో."

తలుపు మూసుకుంది. అతను కుర్చీలోంచి సగం లేచాడు. గీత మళ్ళీ తెర దాటింది. కూర్చుని కొలత మార్చాడు.