పోతానని చెప్పే మనిషి

పోయిన వారం మా పెద్దనాయన పోయాడు. గది అద్దెకిచ్చినాయన పొద్దున్నే వచ్చి, తలుపు తీసే ఉందని, పిలిస్తే పలకడం లేదని చెప్పాడు. మా గల్లీలో అందరికీ ఆయన "పోతాను" అనే మనిషిగానే తెలుసు. ఆ మాట ఆయనకు ఎక్కడిదో మీకు చెప్పాలి.

ఆయన మా అమ్మకు అక్క మొగుడు. ఊరు తుంగభద్ర ఒడ్డున. ఏరు దాటితే నైజాం. అక్కడ జనం రెండుగా చీలి ఒకరి ఊళ్ళమీద ఒకరు పడిన ఏడాది, ఆ ఊరి రేవులో చిన్న పోరు జరిగింది. ఏ పత్రికలోనూ రాలేదు. అమ్మకున్న ఒక్క తమ్ముడు, మా మేనమామ, అందులోనే చచ్చిపోయాడు. ఆయన కాపురం అవతలి ఒడ్డున. పెద్దమ్మ అంతకుముందే పోయింది. కొన్నాళ్ళకు పెద్దనాయన గుడ్డల మూటతో బెంగుళూరుకు మా దగ్గరికి వచ్చేసి, మా గల్లీలోనే ఒక గది అద్దెకు తీసుకున్నాడు.

పగలంతా మా మగ్గాలకు దారం కండెలు చుట్టేవాడు. నాకు ఆ పని నేర్పింది ఆయనే. దారం తెగితే తన వేళ్ళనే తిట్టుకునేవాడు. ఎప్పుడూ వాకిలికి ఎదురుగానే కూర్చునేవాడు. మంచు పట్టిన పొద్దున మాత్రం పనికి వచ్చేవాడు కాదు. వెళ్ళి పిలిస్తే గడియ తీయకుండానే, "బయట ఎవురన్నా అరస్తాండారా?" అని అడిగేవాడు. ఎవరూ లేరంటే నమ్మేవాడు కాదు.

మన ఇళ్ళలో వెళ్ళేవాళ్ళు "వస్తాను" అనే కదా లేస్తారు. కన్నడం వాళ్ళూ అంతే, "బర్తీని" అంటారు. పెద్దనాయన ఒక్కడే సంగటి తిని, చెయ్యి కడుక్కుని "పోతానమ్మా" అనేవాడు. అమ్మ చెవులు మూసుకునేది. "ఈయప్ప నోట్లో యముడు కాపురం ఉండాడు" అని నాన్న విసుక్కునేవాడు. పక్కింటామె "బర్తీని" అని లేచినప్పుడల్లా పెద్దనాయన చేతిలో కండె ఆగిపోయేది. ఆమె మలుపు తిరిగేదాకా అటే చూసేవాడు. నేను ఎగతాళి చేస్తే, "మాట ఒగటే అప్పా, వినే చెవులే వేరే" అనేవాడు. ఏదో ముసలి వేదాంతం అనుకునేవాణ్ణి.

ఆ పోరు రోజు ఆయన రేవులోనే ఉన్నాడని అమ్మకు తెలుసు, అందుకే ఆయన్ని ఒకటే అడిగేది. "బావా, నా తమ్ముడు కడాకు ఏమన్నాడు?"

"ఇనపళ్ళేదమ్మా."

ఆయన పోయే ముందురోజు అమ్మ మళ్ళీ అడిగింది. ఆయన కండె కింద పెట్టాడు.

"ఇనపడింది," అన్నాడు.

మేనమామ పెళ్ళాంబిడ్డలను ఇవతలి ఒడ్డుకు చేర్చి, ఇల్లూ గొడ్లూ కాచుకోవడానికి తెల్లవారుజామున ఏట్లో దిగి తిరిగి వెళ్తున్నాడట, ఇంకో ఇద్దరితో. మంచు కమ్మి ఉంది. అవతలి నుంచి దండు వస్తుందని అప్పటికే పుకారు. ఇవతలి రేవు కాపలాకు వచ్చిన తుపాకీవాళ్ళది వేరే సీమ. కాస్త కన్నడం వచ్చుగానీ తెలుగు రాదని, మాటలు తిప్పి చెప్పడానికి పెద్దనాయనను పక్కన కూర్చోబెట్టుకున్నారు. నీళ్ళ నడుమ నుంచి ఒక గొంతు "వస్తామప్పా!" అని అరిచింది. ఏమంటున్నారని వాళ్ళు ఈయన్ని అడిగారు.

"'బర్తారంతె' అంటినమ్మా. వస్తారంట, అంటిని. బయంలో ఆ ఒక్క మాటే తోచె. పోయేవాళ్ళు చెప్పే మాటది అని చెప్పలేకపోతిని. కాల్చేసిరి. అవతలి ఒడ్డోళ్ళూ కాల్చబట్టిరి. మంచు తేలినాక చూస్తే, మనోడమ్మా."

అమ్మ ఏడవలేదు. మగ్గం పట్టుకుని నిలబడింది. పెద్దనాయన లేచి గడప దాటి, అలవాటుగా "పోతానమ్మా" అన్నాడు.

"వస్తానని చెప్పు బావా."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నా తమ్ముడు చెప్పిండే మాటే గదా. చెప్పు."

ఆయన ద్వారబంధం పట్టుకున్నాడు. "వస్తానమ్మా," అన్నాడు. ఆయన నోట ఆ మాట నేను విన్నది అదొక్కసారే.

మరునాడు మంచు పట్టింది. గడియ తీసిన ఆ గదిలో ఆయన వాకిలి వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆయన ముఖం అంత ప్రశాంతంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

దహనం ముగించి వచ్చాక నాన్న మా వీధి తలుపు మూయబోతే అమ్మ ఆపింది.

"ఉండనీ," అంది. "వస్తానన్నాడు గదా."

తలుపు ఓరగా తెరిచే ఉంది. అమ్మ దానికి ఎదురుగా, ఆయన కూర్చునే చోటే కూర్చుని, ఆయన సగంలో వదిలేసిన కండెను చేతిలోకి తీసుకుంది.