అవ్వ తెల్ల మచ్చలు, పెద్దవ్వ పథ్యం

అవ్వ, అంటే మా అమ్మ, పోయి ఇంకా ఏడాది కాలేదు. తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది దవాఖానలో ఆమె అన్న ఒక మాట.

నాలుగేళ్లు అవ్వ చేప ముట్టలేదు. కళ్ల కింద, వేళ్ల కొసల మీద తెల్ల మచ్చలు లేచినప్పుడు ఆమె సొంత అక్క, మా పెద్దవ్వ, కరీంనగర్ నుంచి వచ్చి పథ్యం పెట్టింది. చేపలు బంద్, చింతపండు బంద్, పెరుగు బంద్. పెద్దవ్వ మాట దాటడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. మృగశిర కార్తె మొదలయ్యే మిరుగం రోజు మా బొగ్గుగని క్వార్టర్లన్నీ చేపల పులుసు వాసన కొడుతుంటే, అవ్వ మాకు వండిపెట్టి తాను పెసరపప్పుతో తినేది. పులుసులో ఉప్పు సరిపోయిందా అని నన్ను అడిగేది.

ఆ అడగడం నేను చూడలేకపోయాను. ఒక ఏడు మిరుగానికి వారం ముందు, మంచిర్యాలలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను.

ఆమె అవ్వ చేతులు పట్టుకుని చూసింది. ఇది బొల్లి, అంటుకోదు, తిండితో రాదు అన్నది. రంగు తయారుచేసే కణాలను ఒళ్లే పొరపాటున దెబ్బతీస్తుందట. పూతమందు రాసి, వారానికి రెండుసార్లు దవాఖానలో ప్రత్యేకమైన లైటు కింద నిలబడాలన్నది. ముఖానికి రంగు తిరిగి రావచ్చు, వేళ్ల కొసలకు కష్టం అని ముందే చెప్పింది. తర్వాత నా చెంపల వైపు చూసింది. నా గోధుమ మచ్చలు మంగు అట, అక్కడ రంగు ఎక్కువ తయారవుతోందట. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న తెల్లబడే క్రీము ఆపి, రోజూ ఎండ తగలకుండా కాపాడుకోమన్నది.

అవ్వ అంతా విని నా చెంప తట్టింది.

"నీకాడ ఎక్కువున్నదట గదా బిడ్డా, జర నాకియ్యరాదు?"

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి నవ్వింది.

మిరుగానికి పెద్దవ్వ వచ్చింది. నేను చెప్పిందంతా విని, ఆ డాక్టరుకు పెళ్లయిందా అని మాత్రం అడిగింది. అవ్వ పళ్లెంలో బొచ్చె చేప తలకాయ వేసుకుని అక్కకు ఎదురుగా కూర్చుంది.

"తిను. మచ్చలు మోకాళ్లదాంక పాకినంక నన్ను యాది జేసుకో."

"గట్లనే అక్కా. గా పులుసు జర ఇటు జరుపు."

ఆ మధ్యాహ్నం అవ్వ మూడుసార్లు అన్నం పెట్టుకుంది.

పూతమందు, లైటు మానకుండా సాగాక, బతుకమ్మ నాటికి కళ్ల కింద తెల్లని చోట ఆవగింజలంత గోధుమ చుక్కలు లేచాయి. పెద్దవ్వ అవ్వ ముఖాన్ని కిటికీ వైపు తిప్పి చాలాసేపు చూసింది. "నే జెప్పలే? చేపల బలం," అని తేల్చింది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా చేపలు పట్టుకొచ్చేది. నేను నోరు తెరవబోతే అవ్వ కళ్లతోనే ఆపేది.

ముఖానికి రంగు వచ్చింది. వేళ్లకు రాలేదు. నా మంగు పలచబడింది, పూర్తిగా పోలేదు.

మొన్న మిరుగానికి పెద్దవ్వ మళ్లీ వచ్చింది. పక్క క్వార్టర్ కోడలి మెడ మీద తెల్ల మచ్చ చూసి, వారం వారం చేపలు తినమని చెప్పింది. నేను అక్కడే కాగితం మీద డాక్టరమ్మ చిరునామా రాసిచ్చాను. పెద్దవ్వ కోపం చేయలేదు.

"అది జెయ్యమను, ఇది గూడ తినమను," అన్నది.

తర్వాత చేప తలకాయ నా పళ్లెంలో వేసింది. నాకు తలకాయ ఇష్టం లేదు. తిన్నాను.