హోహెపా తాత సంతకం

న్యూజిలాండ్‌లోని పొరిరువాలో స్కూలు బస్సు నడిపే హూరియాకు రెండు పిచ్చులు. ఒకటి, స్టీరింగు ముందు కూర్చున్నంతసేపూ పాతకాలం మావోరీ పాటలు గొంతెత్తి పాడటం. రెండోది, పిల్లలకు స్కాలర్‌షిప్పులు వెతకటం. రెండింటికీ పిల్లల అనుమతి తీసుకున్నది లేదు.

తొమ్మిదేళ్ళలో పంతొమ్మిదిమంది మావోరీ, సమోవా పిల్లలను ఆమె కాలేజీల్లోకి తోసింది. తాత రైల్వేలో పనిచేసి ఉంటే ఒక స్కాలర్‌షిప్పు, అమ్మమ్మకు ఫలానా లోయలో గుప్పెడు నేలుంటే ఇంకొకటి. ఉబ్బసమున్నవాళ్ళకు కూడా ఒకటుందని తెలిసిన రోజున బస్సు పక్కకాపి, "ఆయాసమున్నవాళ్ళు చేతులెత్తండి" అంది. ఆ రోజు బస్సులో ఊపిరి సరిగ్గా ఆడేవాడు ఒక్కడూ లేకపోయాడు.

ఇప్పుడు పని ఇంటిదాకా వచ్చింది. చనిపోయిన తమ్ముడి కూతురు అటరేటాను హూరియానే పెంచింది. ఆ పిల్లకు డునెడిన్‌లో దంతవైద్యం సీటొచ్చింది. తెగ భూముల ట్రస్టు ఇచ్చే స్కాలర్‌షిప్పు వస్తే వెళ్తుంది. రాకపోతే సీటు వదులుకుని సూపర్‌మార్కెట్లో అరలు సర్దుతుంది.

"జీవితంలో ఏ కష్టాలను జయించావో రాయమన్నారత్తా. నాకేం కష్టాలున్నాయి?"

"నాతో ఉంటున్నావుగా, అది రాయి. చాలకపోతే మన పళ్ళ గురించి రాయి. ఇంటిల్లిపాదివీ కలిపినా ఒక నోరు నిండదు."

చిక్కు ఫారం ఆఖరి పేజీలో వచ్చింది. ఈ పిల్ల మా పిల్లే అని సొంత మరాయె, అంటే తెగవాళ్ళంతా కలిసే సభాప్రాంగణం, దాని పెద్ద సంతకం పెట్టాలి. సంతకానికి అర్హులైన ముగ్గురిలో ఇద్దరు మట్టిలో ఉన్నారు. మూడోవాడు హోహెపా తాత.

పదకొండేళ్ళ కిందట, హూరియా తమ్ముడి శవం ముందు హోహెపా మాట్లాడటానికి లేచాడు. మగవాడి మాట ముగిశాక ఆడవాళ్ళు లేచి పాట అందుకుంటారు. పాట మొదలయ్యిందంటే ఎంతటివాడైనా నోరు మూయాల్సిందే. హోహెపా మాట ముగియలేదు. నలభయ్యో నిమిషంలో హూరియా తానే లేచి పాట ఎత్తుకుంది. వాక్యం మధ్యలో తెగిపోయిన ముసలాయన అప్పట్నించి ఆమె ముఖం చూడలేదు. ఆమె కూడా అటు వెళ్ళలేదు.

ఫారం పంపటానికి గడువు శుక్రవారం సాయంత్రం ఐదు. ఆ రోజు చీకటితోనే బయల్దేరి, ఎనిమిది గంటలు కారు నడిపి, మేనత్తా మేనకోడలూ మరాయె చేరారు. పక్క లోయనుంచి అతిథులొస్తున్నారని అక్కడంతా హడావుడిగా ఉంది. హోహెపా ఫారం వంక కూడా చూడలేదు.

"ఈ పిల్ల మన వంటింట్లో గిన్నె కడగటం నేనెప్పుడూ చూళ్ళేదు."

"ఇప్పుడు కడుగుతాను తాతా," అంది అటరేటా.

"కడుగు. మీ అత్తని ముందు వరసలో నోరు కట్టుకుని కూర్చోమను. అప్పుడు చూద్దాం."

"కట్టుకుంటాలే," అంది హూరియా, అటరేటాకు బదులు తానే.

మూడున్నరకు అతిథులు వచ్చి కూర్చున్నారు. హోహెపా చేతికర్ర పట్టుకుని లేచాడు. ఇరవై నిమిషాలయ్యేసరికి, ముసలాడు పగ తీర్చుకుంటున్నాడని హూరియాకు ఖాయమైపోయింది. ఆయన చెబుతున్న కథలో ముత్తాతల పడవ సముద్రం దాటి ఒడ్డు చేరింది. కాసేపటికి మళ్ళీ చేరింది. ఆమె పళ్ళబిగువున కూర్చుంది. నాలుగూ పదికి ఆ పడవ అదే ఒడ్డుకు మూడోసారి వచ్చి ఆగినప్పుడు, ఆమె తలెత్తి చూసింది.

ముసలాయన కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. వాటిలో పగ లేదు. దారి తప్పినవాడి చూపది. అతిథులు మర్యాదగా నేల చూస్తున్నారు. పక్కనున్న ఆడవాళ్ళు కదల్లేదు. ఈయన మాటకు అడ్డొస్తే ఏమవుతుందో పదకొండేళ్ళుగా చూస్తున్నవాళ్ళు వాళ్ళు.

లేస్తే సంతకం పోతుంది. లేవకపోతే ముసలాయన పరువు పోతుంది. పిల్ల చదువును నడిసముద్రంలో వదిలేస్తున్నానని తెలిసే హూరియా లేచి పాట ఎత్తుకుంది.

మొదటి చరణం ఒంటరిగానే పాడింది. రెండో దానికి వెనకనుంచి ఇంకో గొంతు కలిసింది. తడి ఏప్రానుతో, మోచేతులదాకా సబ్బు నురగతో అటరేటా వచ్చి పక్కన నిలబడింది. పదకొండేళ్ళు అత్త బస్సెక్కిన పిల్లకు ఒక్క మాట తప్పుపోలేదు. అప్పుడు మిగతా ఆడవాళ్ళూ లేచారు. హోహెపా గట్టిగా ఊపిరి వదిలి కూర్చున్నాడు.

తర్వాత వంటింట్లోకి వచ్చి హూరియా ముందు చెయ్యి చాచాడు. "ఆ కాగితమేదీ? నోరు కట్టుకోమన్నాను కదే."

"కట్టుకున్నా తాతా. నీ పడవ మూడోసారి ఒడ్డు చేరేదాకా."

"రెండోసారే అనుకున్నానే," అన్నాడు ముసలాయన నెమ్మదిగా.

సంతకం పెట్టాడు. 'దరఖాస్తుదారు మీ సంతతే అని మీకెలా తెలుసు?' అన్న ప్రశ్న కింద వంకర అక్షరాలతో రాశాడు: 'దీని మేనత్త నా మాటకు రెండుసార్లు అడ్డొచ్చింది. రెండోసారి ఇది కూడా తోడొచ్చింది. ఇంత పొగరు వేరే తెగలో పుట్టదు. మా పిల్లే.'

అయిదుకు పన్నెండు నిమిషాలుందనగా హూరియా దాన్ని ఫోన్లో ఫొటో తీసి పంపింది. మూడు వారాలకు స్కాలర్‌షిప్పు వచ్చింది. ట్రస్టువాళ్ళు ఇంకే రుజువూ అడగలేదు.