రెండిళ్ల సందులో గాలి

ముందే చెప్పేస్తున్నాను, నాకు ఉన్నదానికి కాస్త కలిపి చెప్పే అలవాటుంది. నన్ను ఇంట్లో కుట్టిన దోమ నేను బజారుకెళ్లేసరికి గబ్బిలమైపోతుంది. కాబట్టి మీకు తోచినంత తరుగు తీసుకుని చదవండి. ఎంత తీసినా, రెండు సంసారాల్ని మండువేసవిలో రోడ్డున పడేయబోయిన ఘనుణ్ని నేనేనన్న సంగతి మాత్రం తరగదు.

తొంభైల చివర, నా ఇంజనీరింగు పట్టా మీద సిరా ఇంకా ఆరని రోజులు. మొగల్తూరు దగ్గర పల్లెలో మా నాన్నగారి స్నేహితులైన అన్నదమ్ములిద్దరు పక్కపక్కనే రెండిళ్లు కట్టుకుంటూ ప్లాను నన్ను గీయమన్నారు. అప్పటిదాకా అందరూ ఒకే రేకులింట్లో ఉండేవారు. మే నెలలో ఆ రేకుల కింద అప్పడం పెడితే నూనె లేకుండా వేగేది. పెద్దకోడలు వరలక్ష్మి అత్తయ్యగారూ, చిన్నకోడలు రత్నం అత్తయ్యగారూ ఒకే పొయ్యి దగ్గర ఉడికి ఉడికి, ఏడాదిగా గిన్నెల చప్పుళ్లతోనే మాట్లాడుకుంటున్నారు.

వాళ్ల అత్తగారికి, అంటే మామ్మగారికి, వేరు కాపురాలు బొత్తిగా ఇష్టం లేదు. చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు. ఒకే ముహూర్తంలో రెండిళ్లలోనూ పాలు పొంగాలి. ఏ ఇంట్లో పొంగకపోయినా అందరూ మళ్లీ రేకుల కిందకే. ఆ ముహూర్తం దాటితే మూఢం, ఆపైన ఆషాఢం. అంటే ఆ వేసవంతా అప్పడాలే.

నా బుర్ర అప్పుడు మంచి కాక మీదుంది. సముద్రం దక్షిణాన ఉంది, గాలి ఊరికే వస్తోంది, పట్టుకోవడమే తరువాయి అనుకున్నాను. రెండిళ్ల మధ్య సందు దక్షిణాన రోడ్డు వైపు వెడల్పుగా మొదలై, ఇళ్ల దగ్గరకొచ్చేసరికి గరాటులా సన్నబడేట్టు గీశాను. నీళ్ల గొట్టం మూతి వేలితో నొక్కితే నీళ్లు ఎలా చిమ్ముతాయో, అలా గాలి చిమ్మాలన్నమాట. ఆ గాలి పడమటింట్లోకి మళ్లేట్టు ఏటవాలుగా ఒక గోడ, దానికెదురుగా కిటికీకి బదులు మనిషంత సిమెంటు జాలీ. మూసే రెక్కలుండవా అని అన్నదమ్ముల్లో పెద్దాయన అడిగితే, "గాలికి తలుపేంటండి మావయ్యగారూ" అన్నాను. ఆ మాట నాకెంత నచ్చిందంటే, ఇంటికెళ్లి మా అమ్మకి కూడా చెప్పాను.

ఆ జాలీ ఎక్కడ పడిందో మాత్రం చూసుకోలేదు. వంటిల్లు ఆగ్నేయంలో ఉండాలి కదా. తూర్పింటి ఆగ్నేయం పొలాల వైపు పడింది. పడమటింటి ఆగ్నేయం సరిగ్గా సందు మొదట్లో పడింది. ఆ ఇల్లు పెద్దాయన, వరలక్ష్మి అత్తయ్యగార్లది. కట్టినన్నాళ్లూ చలికాలం కాబట్టి గాలి ఉత్తరం నుంచి వచ్చేది, నా జాలీ బుద్ధిమంతురాలిలా కూర్చుంది.

గృహప్రవేశం నాడు, తెల్లవారకముందే, సముద్రం తన ఊపిరంతా తెచ్చి అందులోకి వదిలింది.

తూర్పింట్లో రత్నం అత్తయ్యగారి పాలు మంత్రం సగంలో ఉండగానే పొంగేశాయి. పడమటింట్లో వరలక్ష్మి అత్తయ్యగారు మూడిటుకల మధ్య పిడకలు పేర్చి కర్పూరం వెలిగించారు. ఆరిపోయింది. మళ్లీ వెలిగించారు. మళ్లీ ఆరిపోయింది. పంతులుగారి ఉత్తరీయం లేచి, వాకిట్లో కొబ్బరిచెట్టెక్కి కూర్చుంది.

"ఇంకా ఎంతసేపుందండి?" అన్నారు పెద్దాయన.

"పావుగంటుందండి. కానీ అగ్నిహోత్రుడు నిలబడాలి కదండి," అన్నారు పంతులుగారు, కళ్లలో బూడిద తుడుచుకుంటూ.

మామ్మగారు పీట మీద కదలకుండా కూర్చుని, "పరుపులు బండి దింపకండర్రా, వెనక్కి పంపాలేమో," అన్నారు.

వరలక్ష్మి అత్తయ్యగారు నా వైపు తిరిగారు. "ఈ జాలీ మూయడానికి లేదా బాబూ?"

"రెక్కల్లేవండి."

"ఎందుకు లేవు నాన్నా?"

మా అమ్మకి కూడా చెప్పిన ఆ గొప్ప వాక్యం పెద్దాయనకి గుర్తు రాకూడదని దణ్ణం పెట్టుకున్నాను.

ఇంతలో పెద్దాయనకి ఉపాయం తట్టింది. చుట్టాల్లో బొజ్జలున్న మగవాళ్లని ఏరి, సందులో భుజానికి భుజం ఆనించి నిలబెట్టారు. తరతరాలుగా పూతరేకులు తిని ఎదిగిన బొజ్జలవి. గాలి కొబ్బరాకులా ముడుచుకుని ఆగిపోయింది. పిడక అంటుకుంది. గిన్నె అంచుల్లో సన్నటి నురగ మొదలైంది. మామ్మగారు కూడా మెడ సాచి చూస్తున్నారు.

సరిగ్గా అప్పుడు పందిట్లోంచి వంటాయన, మామూలు గొంతుతోనే అన్నాడు.

"పెసరట్లేస్తున్నామండి. ఉప్మా వేడిగా ఉందండి."

గోడకి ముందు కుడివైపు బీట పడింది. "ఒక్కటి తినేసి వచ్చేస్తానండి," అన్నారు ఒకాయన ఎంతో మర్యాదగా. ఆయన పక్కాయన ఆయనకి తోడు వెళ్లారు. క్షణంలో సందంతా ఖాళీ. అంతసేపూ బయట పడిగాపులు కాసిన గాలి రైలింజనులా దూసుకొచ్చింది. మంట పడుకుంది, నురగ దిగిపోయింది. పంతులుగారు గడియారం చూసి, మళ్లీ మామ్మగారి మొహం చూసి, మంత్రం మర్చిపోయారు.

అప్పుడు నేనేం చేశానో వినండి. ఒక్క దూకు దూకి, జాలీకి వీపు ఆనించి, చేతులు బార్లా చాపి నిలబడ్డాను. సిమెంటు గళ్లు వీపు మీద అచ్చుపడ్డాయి. కదల్లేదు. మంట మళ్లీ లేచింది. ముహూర్తం ఆఖరి గుక్కలో ఉండగా పాలు అంచు దాటి, బుస్సుమని పిడకల మీదకి దిగాయి.

"సర్లే, పరుపులు దింపండి," అన్నారు మామ్మగారు.

ఆ వంటింట్లో ఆ తర్వాత అగ్గిపుల్ల వెలగలేదు. వంట తూర్పింట్లో, ఇద్దరు కోడళ్లూ కలిసి. కరెంటు పోతే మాత్రం రెండిళ్లవాళ్లూ చాపలు చంకనెట్టుకుని నా జాలీ ముందుకే వచ్చేవారు. వేరు కాపురాలకని కట్టిన రెండిళ్లూ అలా ఒక్క కాపురమైపోయాయి. మామ్మగారు నేను కనిపిస్తే చాలు, అడక్కుండానే రెండో కాఫీ ఇప్పించేవారు.

అగ్నిహోత్రుడి సాక్షిగా, ఆయన ఆరకుండా ఉన్నంతసేపూ, ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో రెక్కల్లేని జాలీ గీయను. పెసరట్టు వాసన వచ్చే దూరంలో మనుషుల్ని గోడగా నమ్మను.

ఇంతకీ ఇందులో కలిపి చెప్పింది ఏది? ఉత్తరీయం కాదు. అది నిజంగానే కొబ్బరిచెట్టెక్కింది. బొజ్జల గోడా నిజమే. జాలీకి వీపానించిన మనిషి మాత్రం నేను కాదు. ఆవిడ రత్నం అత్తయ్యగారు. తన పాలు తనకి పొంగేశాక, కట్టుకున్న కొత్త పట్టుచీరతోనే పరుగెత్తుకొచ్చి జాలీకి అడ్డంపడి, "అక్కా, నువ్వు వెలిగించు, నేనున్నాను," అన్నారట. ఏడాదిలో వాళ్లిద్దరి మధ్య అదే మొదటి మాటట.

అట అని ఎందుకంటున్నానంటే, ఆ మాట నేను వినలేదు. అప్పుడు నేను పందిట్లో, రెండో పెసరట్టులోకి అల్లం పచ్చడి ఇంకాస్త వేయమని అడుగుతున్నాను.